గోదారి పొంగినప్పుడు మన పరిచయాలు ఊరికెలా పనికొస్తాయి?

ప్రశ్న: అక్కా, మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక. డల్లాస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు, చదువు అప్పు తీరలేదు. వరదొస్తే ఫోన్‌లో వార్తలు చూస్తూ కూర్చోవడమే అవుతోంది. ఆఫీసులో, కాలేజీ గ్రూపుల్లో చాలామంది తెలుసు గానీ ఎవర్ని ఏమని అడగాలో తెలీదు. నాన్నగారేమో గేదెల్ని వదిలి గట్టు మీదికి రానంటారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, చేతిలో డబ్బు లేదని దిగులు పడకు. లంక మునిగిన మొదటి రెండు మూడు రోజులు అక్కడ డబ్బు పెట్టినా కొనడానికి ఏమీ దొరకదు. కావలసింది పడవ, మంచినీళ్లు, ఇన్సులిన్, నెలలు నిండిన అమ్మాయిని ఒడ్డు దాటించే మనిషి. ఆ మనిషి నీకు నేరుగా తెలియకపోవచ్చు, నీకు తెలిసినవాళ్లలో ఎవరో ఒకరికి తెలిసే ఉంటాడు. వాళ్లిద్దరినీ కలపడం నువ్వు డల్లాస్ నుంచి చేయగలిగిన పని.

ముందు గోదారి వేళలు తెలుసుకో. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కణ్ణుంచి నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది, ధవళేశ్వరంలో 25 లక్షలు దాటింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునే 1986 వరదకి భద్రాచలంలో 75.6 అడుగులు. లంకల కాజ్‌వేలు, అంటే ఏటికి అడ్డంగా వేసిన తక్కువ ఎత్తు రోడ్లు, మూడో హెచ్చరికకు చాలా ముందే మునుగుతాయని నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే భద్రాచలంలో రెండో హెచ్చరిక ఎగరేశారనగానే నువ్వు ఫోన్ పట్టుకో. ఆ ఒక్క రోజూ చాలా విలువైనది.

ఇక ఎవర్ని అడగాలి? సాయం అనగానే మనకి డాక్టర్లే గుర్తొస్తారు. నిజానికి డెల్టాలో దారులు తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. రొయ్యల మేత కంపెనీల్లో పనిచేసే టెక్నీషియన్లకి ఏ చెరువు గట్టు మీద బండి వెళ్తుందో, ఎవరి దగ్గర డీజిల్ జనరేటర్ ఉందో నోటికొచ్చు. ఆ జనరేటర్ దగ్గర ఊరంతా ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు, రావులపాలెం అరటి మార్కెట్టు వాళ్లకి లారీలు తెలుసు. సెల్ టవర్ల నిర్వహణలో ఉన్న మన కుర్రాళ్లు హైదరాబాదులో బోలెడుమంది, టవర్‌కి డీజిల్ ఎప్పుడు అయిపోతుందో చెప్పగలిగేది వాళ్లే. లింక్డ్‌ఇన్‌లో నీ కాలేజీ పేరు, పక్కన అమలాపురం, రాజోలు, భీమవరం అని వెతుకు. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఎన్ని రకాల పనుల్లో ఉన్నారో చూస్తే ఆశ్చర్యపోతావు. వాళ్లని జూన్‌లోనే పలకరించు. వరద రోజున మొదటిసారి ఫోన్ చేస్తే ఎంత మంచివాడైనా తడబడతాడు.

అడిగే తీరు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలా సాయం వృథా పోతుంది. 'మా ఊరు మునిగిపోతోంది, ఎవరైనా ఆదుకోండి' అని గ్రూపులో పెడితే దండాలు, బాధపడే బొమ్మలు వస్తాయి, పడవ రాదు. ఇలా రాయి: 'ఫలానా లంక, రామాలయం వీధి. తొమ్మిదో నెల గర్భిణి. సాయంత్రం 6కి ఏఎన్‌ఎం స్వయంగా చూశారు. రేవు దాకా పడవ ఉంది, అవతలి ఒడ్డు నుంచి ఆసుపత్రికి బండి కావాలి. మాట్లాడవలసింది వాళ్ల అన్నయ్యతో, నంబరు నా దగ్గర ఉంది.' ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు, ఏది ఉంది, ఏది లేదు, ఈ నాలుగూ ఉంటే చదివినవాడు వెంటనే కదులుతాడు. దాన్ని వందమందికి పంపకు, ఆ పని చేయగల ఒక్కరికి పంపు. ఆయన గంటలో కుదరదంటే ఇంకొకరికి. బండి దొరికిందా, 'దొరికింది, ఇంక ఎవరూ చూడొద్దు' అని తప్పకుండా చెప్పు. లేకపోతే నిన్నటి సందేశం వారం రోజులు తిరుగుతూనే ఉంటుంది, కొత్త అవసరం దాని కింద పడిపోతుంది. ఆ అమ్మాయి పేరు, ఫోటో, ఆధార్ ఏ గ్రూపులోనూ పెట్టొద్దు.

డాక్టర్ల విషయం. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు, అడిగితే కాదనరు. కానీ ఇక్కణ్ణుంచి మందు రాయమని అడగొద్దు. ఇండియాలో ఫోన్‌ మీద వైద్యం చెప్పాలంటే అక్కడి రిజిస్ట్రేషన్ ఉండాలి. వాళ్ల బ్యాచ్‌లో కాకినాడలోనో అమలాపురంలోనో ఉన్న డాక్టర్ని కలపమను, అది రోగికీ మేలు. పాము కరిస్తే మాత్రం పరిచయాల కోసం ఆగకూడదు, యాంటీ వీనం ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

వృత్తి తెలిసినవాడి ఒక్క మాట ఎంత నష్టం తప్పిస్తుందో 2021 ఏప్రిల్, మే నెలల్లో, కరోనా రెండో విడతలో చూశాం. అమెరికా ఇళ్లలో వాడే 110 వోల్టుల ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ని (గాల్లోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రాన్ని) కొని పంపితే ఇండియాలోని 230 వోల్టులకి నేరుగా పెట్టడానికి లేదు. నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చే యంత్రం ఐసీయూలో ఉన్న మనిషికి చాలదు. కొనేముందు బయోమెడికల్ ఇంజనీర్‌ని ఒక్కర్ని అడిగితే చాలు. ఏ వస్తువు పంపాలన్నా ఇదే వరస.

నీ చేతిలో ఉన్న ఇంకో బలం, వేళ. అక్కడ రాత్రి పదయ్యేసరికి నీకు ఉదయం పదకొండున్నర. ఊళ్లో కుర్రాళ్లు అలిసి పడుకున్నాక జాబితా సరిచూడటం, హైదరాబాదులో రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లకి ఫోన్ చేయడం నువ్వు చేయగలవు. వీడియో కాల్ మాత్రం వద్దు. కరెంటు లేని ఊళ్లో వాళ్ల ఛార్జింగ్ నువ్వు తినేసినట్టవుతుంది. 108, 112 లాంటి చిన్న నంబర్లు విదేశాల నుంచి అక్కడికి కలవవు, అమలాపురం కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ పూర్తి నంబరు వానాకాలం మొదట్లోనే రాసిపెట్టుకో. ఆఫీసు మెయిల్ నుంచీ, కంపెనీ కస్టమర్ల జాబితా నుంచీ ఎవర్నీ అడగొద్దు. నీ కొత్త ఉద్యోగం, వీసా రెండూ ఆ కంపెనీ మీదే ఆధారపడి ఉన్నాయి.

డబ్బు పోగయితే: నీది ఇండియా పాస్‌పోర్టు కాబట్టి నీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవాళ్లది, అమెరికా కంపెనీలది వస్తుంది. అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి, 2020 సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకి మళ్లించడానికీ వీల్లేదు. ఊరి యువజన సంఘం ఖాతాలో వేయమని సహోద్యోగుల్ని అడిగితే ఆ కుర్రాళ్లే చిక్కుల్లో పడతారు.

మీ నాన్నగారి సంగతి. ఆయన్ని రమ్మని బతిమాలితే రారు, గేదెలకి చోటు చూపిస్తే వస్తారు. కాజ్‌వే మునగకముందే వాటిని ఏటిగట్టు మీదికి తోలించాలి, నాలుగు రోజులకి సరిపడా ఎండుగడ్డి గట్టు మీదే ఉండాలి. నీ స్నేహితుల్లో పశువైద్యం చదివినవాళ్లు, డెయిరీల్లో పనిచేసేవాళ్లు ఎవరున్నారో ఇవాళే చూడు. గడ్డి ఎక్కడ దొరుకుతుందో, లారీ ఎవరిదో వాళ్లకి తెలుస్తుంది. మీ గేదెలకే కాకుండా ఆ వీధి పశువులన్నిటికీ కలిపి అడుగు, ఒక లారీ నిండుతుంది. పక్కింటివాళ్లు కూడా గట్టెక్కితే ఆయన ఒక్కరే ఇంట్లో ఉండిపోరు.