యాప్‌లో 62 వేలు లాభం, ఇంట్లో లెక్క మాత్రం కనపడదు

ప్రొద్దుటూరు నుంచి బట్టల అంగడి నడుపుకునే అన్న ఒకాయన అడిగినారు: "2023 ఏప్రిల్ నుంచి షేర్ల ట్రేడింగ్ చేస్తున్నా. యాప్ తెరిస్తే 62 వేలు లాభం అని పచ్చగా చూపిస్తాది. మా ఇంట్లోవాళ్లేమో ఆ డబ్బు ఎక్కడుంది అంటారు. లాభం నిజమే అయితే గోల్డ్ లోన్ తీసి ఇంకో 2 లక్షలు వేద్దామనుకుంటున్నా. లెడ్జర్ (డబ్బు వేసిన, తీసిన పద్దు), పీ అండ్ ఎల్ (లాభనష్టాల) రిపోర్టులు పంపుతున్నా, చూసి చెప్పండి."

అన్నా, ముందు గోల్డ్ లోన్ సంగతి చెప్తా, వద్దు. బంగారం బీరువాలోనే ఉండనీయండి. ఎందుకో మీరు పంపిన రిపోర్టుల్లోనే ఉంది.

ఆ 62 వేలు అబద్ధమేం కాదు, కానీ అది మీ అకౌంట్ మొత్తం లాభం కాదు. హోల్డింగ్స్ పేజీ చెప్పేది ఒక్కటే, ఇప్పుడు చేతిలో ఉన్న షేర్లు ఈరోజు రేటుకి అమ్మితే కొన్న రేటు కంటే ఎంత ఎక్కువొస్తాది అని. ఆల్రెడీ అమ్మేసినవి అందులో ఉండవు, నష్టానికి వదిలించుకున్న ఆప్షన్లు (షేరు లేదా ఇండెక్స్ రేటు మీద గడువు పెట్టి కొనే కాంట్రాక్టులు) ఉండవు, బ్రోకరేజీ, ఎస్‌టీటీ అనే షేర్ల లావాదేవీ పన్ను, జీఎస్‌టీ ఏవీ ఉండవు. అంగట్లో ర్యాకుల మీదున్న చీరల రేటు పెరిగిందని సంబరపడి, తక్కువకి తోసేసిన పాత స్టాకు, బాడుగ, కరెంటు బిల్లు లెక్కలో రాసుకోకపోతే ఎట్లుంటాదో ఇదీ అంతే.

నిజం కావాలంటే మూడు అంకెలు చాలు, బ్యాంకు నుంచి వేసింది ఎంత, వెనక్కి వచ్చింది ఎంత, ఈరోజు లోపల ఉన్నది ఎంత. మీ లెడ్జర్ ప్రకారం వేసింది 5,60,000, వెనక్కి వచ్చింది 2,20,000, అంటే మీ జేబులోంచి నికరంగా పోయింది 3,40,000. ఈరోజు షేర్లు, బ్రోకర్‌కి కట్టాల్సిన అప్పు పోను, 2,95,000, క్యాష్ 15,000, మొత్తం 3,10,000. అంటే 30 వేలు తక్కువ. డివిడెండ్లు మీ బ్యాంకు ఖాతాకి నేరుగా పడతాయి, ట్రేడింగ్ అకౌంట్ పీ అండ్ ఎల్‌లో కనపడవు, అవి మీకు 6 వేలు వచ్చినాయి, కలుపుకుంటే నికర నష్టం 24 వేలు. మీ ఇంట్లోవాళ్లు అడిగింది కరెక్టే.

ఇక్కడ ఒకటి చూడండి, మీరు వేసింది 5.6 లక్షలు అనుకుంటున్నారు కానీ అందులో 1.6 లక్షలు పోయి తిరిగొచ్చిన డబ్బే. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ రూల్ ప్రకారం బ్రోకర్ దగ్గర వాడకుండా పడున్న డబ్బుని నెలకో మూడు నెలలకో ఒకసారి మన బ్యాంకుకి వెనక్కి పంపాల్సిందే, మీరు దాన్ని లాభం వచ్చిందనుకుని ఒకసారి, మళ్లీ వేసినప్పుడు కొత్త పెట్టుబడి అని ఇంకోసారి లెక్కేసుకున్నారు. చాలామందికి ఇక్కడే లెక్క తప్పుతాది.

మరి లోపల 62 వేలు లాభం ఉంటే 30 వేలు తక్కువ ఎట్ల వచ్చింది? అంటే వేరే చోట 92 వేలు పోవాలి. మీ పీ అండ్ ఎల్‌ని సెగ్మెంట్ వారీగా విడగొట్టి చూసినా. డెలివరీలో, అంటే డీమ్యాట్‌లోకి తీసుకుని తర్వాత అమ్మిన షేర్లలో 14 వేలు లాభం, అదే రోజు కొని అమ్మే ఇంట్రాడేలో 2 వేలు నష్టం, ఆప్షన్లలో 66 వేలు నష్టం. ఛార్జీలు 27 వేలు, అందులో 21 వేలు ఆప్షన్లవే. ఎంటీఎఫ్ కింద బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని కొన్న షేర్లకి వడ్డీ 9 వేలు, అది పీ అండ్ ఎల్‌లో రాదు, లెడ్జర్‌లోనే చిన్న చిన్న డెబిట్లుగా ఉంటాది. మిగతా 2 వేలు డీమ్యాట్ నుంచి షేర్లు అమ్మినప్పుడు పడే డీపీ ఛార్జీలు, అకౌంట్ మెయింటెనెన్స్. కలిపి చూసుకోండి, సరిగ్గా 92 వేలు.

అంటే డెలివరీలో మీరు బానే ఉన్నారు, తిన్నదంతా ఆప్షన్లే. బ్రోకరేజీ ఆర్డర్‌కి 20 రూపాయలే కదా అంటారు, కొనడానికి 20 అమ్మడానికి 20, రోజుకి ఐదు ట్రేడ్లు చేస్తే 200, దాని మీద 18 శాతం జీఎస్‌టీతో 236, ఎస్‌టీటీ వేరే, లాభం వచ్చినా రాకపోయినా ఇది కట్టాల్సిందే. ఇది మీ ఒక్కరి కథ కాదన్నా, 2024 సెప్టెంబర్‌లో సెబీ ఇచ్చిన స్టడీ ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయినారు, ఖర్చులతో కలిపి మనిషికి సగటున 2 లక్షల దాకా. నా మాట వింటే ఆ సెగ్మెంట్‌ని యాప్‌లోనే డీయాక్టివేట్ చేసేయండి, ఎంటీఎఫ్ కూడా తీర్చేయండి. ఉన్న అప్పు మీదే వడ్డీ కడతా గోల్డ్ లోన్ వడ్డీ ఇంకోటి ఎందుకు?

డెలివరీ బాగుందన్నా కదా, అదీ పూర్తిగా నమ్మొద్దు, మార్కెట్టే పెరిగుంటే అందరికీ వస్తాది. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్‌లోనో ఒక కాలమ్‌లో తేదీలు, పక్కన డబ్బు వేసినప్పుడు మైనస్, తీసుకున్నప్పుడు, డివిడెండ్ వచ్చినప్పుడు ప్లస్, ఆఖర్లో ఈరోజు తేదీతో మొత్తం విలువ ప్లస్‌లో పెట్టి ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములా కొట్టండి, ఏడాదికి ఎంత శాతమో వస్తాది. అవే తేదీల్లో అదే డబ్బు 50 పెద్ద కంపెనీల షేర్లు కొనే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో వేసుంటే ఎంతయ్యేదో కూడా పక్కన రాయండి. ఏడాది పాటు ఫండ్ మీకంటే ఎక్కువిస్తుంటే షేర్లు వెతుక్కునే టైము అంగడికే పెట్టుకోవచ్చు.

బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరుని ముక్కలు చేయడం) వచ్చిన షేర్లకి, పాత బ్రోకర్ నుంచి మార్చుకున్న వాటికి యావరేజ్ ధర తప్పుగానో ఖాళీగానో ఉండొచ్చు, ట్రేడ్ చేసినప్పుడు బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్లతో సరిచూసుకోండి. షేర్లు నిజంగా మీ పేరు మీద ఎన్నున్నాయో మాత్రం బ్రోకర్ స్క్రీన్ మీద కాకుండా మన షేర్లు దాచే డిపాజిటరీలు సీడీఎస్‌ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ మెయిల్ చేసే సీఏఎస్ (అన్నీ కలిపి చూపించే) స్టేట్‌మెంట్‌లోనే చూడండి.

ట్యాక్స్ సంగతి, అంగడి కోసం ఐటీఆర్-4 (అంచనా లాభం మీద వేసే చిన్న రిటర్ను) వేస్తున్నా అన్నారు, ఆప్షన్ల నష్టం అందులో చూపించి ముందుకు తీసుకుపోలేరు, దానికి ఐటీఆర్-3 వేయాల. గడువు లోపల వేస్తేనే ఎఫ్ అండ్ ఓ నష్టం 8 ఏళ్ల దాకా, ఇంట్రాడే నష్టం 4 ఏళ్ల దాకా పనికొస్తాది. యాప్‌లో రిపోర్ట్స్ కింద ట్యాక్స్ పీ అండ్ ఎల్ ఎక్సెల్ దిగుతాది, దాన్ని, ఏడాది మొత్తం లెడ్జర్‌ని కలిపి ఈ వారంలోనే మీ ఆడిటర్‌కి పంపించండి.