క్లాసిక్ 350కి టార్క్ ఎక్కువ, డ్యూక్ 200కి పవర్ ఎక్కువ. ఘాట్ రోడ్డుకి ఏ నంబరు చూడాలి?

మీ ప్రశ్న ఇది: నర్సీపట్నం నుంచి చింతపల్లికి తరచుగా ఇద్దరు కలిసి బండి మీద వెళ్లాలి, మధ్యలో లంబసింగి ఘాట్ ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కేటలాగ్‌లో 20.2 బీహెచ్‌పీ పవర్, 27 న్యూటన్ మీటర్ల టార్క్ అని ఉంది. కేటీఎం డ్యూక్ 200కి 25 పీఎస్ పవర్, 19.3 న్యూటన్ మీటర్లు అని ఉంది. ఈ రెండిట్లో ఏది బలమైన బండి?

నేను మెకానికల్ డిప్లొమా చేసి టూవీలర్ షెడ్డులో పనిచేస్తున్నాను. బండి కొనబోయేవాళ్లు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే. "టార్క్ అంటే లాగే బలం, పవర్ అంటే స్పీడు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. వినగానే అర్థమైనట్టే ఉంటుంది, కానీ ఆ మాట నమ్మి బండి ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. కొంచెం ఓపిగ్గా చదవండి, ఇందులో పెద్ద లెక్కలేమీ లేవు.

కారు టైరు విప్పేటప్పుడు పానా నట్టుకి తగిలించి, చివర కాలు పెట్టి నిలబడతాం కదా. పానా పొడవు పావు మీటరు, మనిషి బరువు 60 కిలోలు అనుకోండి. 60 కిలోలంటే సుమారు 600 న్యూటన్లు. దాన్ని పావు మీటరుతో గుణిస్తే 150 న్యూటన్ మీటర్లు. టార్క్ అంటే ఇదే, తిప్పడానికి వేసే బలం. తుప్పు పట్టిన నట్టు కదల్లేదనుకోండి. అప్పుడు కూడా టార్క్ 150 ఉంది, కానీ పని జరగలేదు కాబట్టి పవర్ సున్నా. చూశారా, ఒక మనిషి కాలితో వేసే టార్క్ క్లాసిక్ ఇంజన్ టార్క్‌కి అయిదు రెట్లకు పైనే. అలాగని మనిషి ఆ బండిని ఘాట్ ఎక్కించలేడు. అందుకే టార్క్ అంకె ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. ఆ టార్క్‌తో నిమిషానికి ఎన్నిసార్లు తిప్పగలదు అన్నది మిగతా సగం. రెండూ కలిస్తే పవర్.

గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క ఒకటుంది. టార్క్‌ని ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) గుణించి 7000తో భాగిస్తే దాదాపుగా హార్స్ పవర్ వస్తుంది. (బీహెచ్‌పీ, పీఎస్ రెండూ హార్స్ పవర్ కొలతలే. వాటి మధ్య తేడా నూటికి ఒకటిన్నర వంతు కూడా ఉండదు, పట్టించుకోకండి.) క్లాసిక్ తన 27 టార్క్ ఇచ్చేది 4000 ఆర్‌పీఎం దగ్గర, అంటే అక్కడే 15 హార్స్ పవర్ దాటేసింది. డ్యూక్ తన 19.3 ఇచ్చేది 8000 దగ్గర, అక్కడ 22 వస్తుంది. దాని పూర్తి 25 చూడాలంటే 10,000 దాకా తీసుకెళ్లాలి. కేటలాగ్‌లో టార్క్ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆ ఆర్‌పీఎం అంకెను ఎవరూ చదవరు. నన్నడిగితే ముందు చదవాల్సింది దాన్నే.

ఈ తేడా ఎందుకొచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది. రెండు బండ్ల సిలిండర్ బోరూ ఒకటే, 72 మిల్లీమీటర్లు. పిస్టన్ వెడల్పులో తేడా లేదు. తేడా అంతా స్ట్రోకులో ఉంది. క్లాసిక్‌లో పిస్టన్ 85.8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, డ్యూక్‌లో 49 మాత్రమే. పిస్టన్ కిందికీ పైకీ కదిలితే దాన్ని తిప్పుడుగా మార్చేది క్రాంక్. స్ట్రోకులో సగం ఆ క్రాంక్ చెయ్యి పొడవు. అంటే క్లాసిక్ ఇంజన్ పట్టుకున్న పానా 42.9 మిల్లీమీటర్లు, డ్యూక్‌ది 24.5. అంతే వెడల్పున్న పిస్టన్ పొడవు పానాని తోస్తే టార్క్ ఎక్కువే వస్తుంది. (డ్యూక్ మరీ వెనకబడకపోవడానికి నాలుగు వాల్వులు, లిక్విడ్ కూలింగ్ లాంటివి సాయపడతాయి.)

మరి పొడవు స్ట్రోకు ఇంజన్నే 10,000 దాకా ఎందుకు తిప్పకూడదు? క్రాంక్ ఒక్కసారి తిరిగితే పిస్టన్ ఒకసారి దిగి ఒకసారి ఎక్కుతుంది. ఆ దూరాన్ని ఆర్‌పీఎంతో గుణించి చూడండి. పవర్ పూర్తిగా వచ్చే 6100 దగ్గర క్లాసిక్ పిస్టన్ నిమిషానికి 1046 మీటర్లు ప్రయాణిస్తుంది. 10,000 దగ్గర డ్యూక్ పిస్టన్ 980 మీటర్లు. రెండూ నిమిషానికి కిలోమీటరు దగ్గరే ఉన్నాయి! క్లాసిక్‌ని కూడా 10,000కి తీసుకెళితే అది 1700 మీటర్లు దాటుతుంది, ఆ పట్టుకి కనెక్టింగ్ రాడ్, బేరింగులు నిలబడవు. ఇలాంటి లెక్క కుదిరినప్పుడు ఈ చదువు చదివినందుకు నాకు నిజంగా సంతోషమేస్తుంది.

ఇక గేర్ల సంగతి. గేరు టార్క్‌ని పెంచుతుంది, అంతే మోతాదులో ఆర్‌పీఎంని తగ్గిస్తుంది. ఇంజన్‌కీ చక్రానికీ మధ్య మొత్తం తగ్గింపు పదిరెట్లయితే, 19 టార్క్ చక్రం దగ్గర 190 అవుతుంది, చక్రం పదోవంతు వేగంతో తిరుగుతుంది. రాపిడికి కొంత పోతుంది, అది వేరే. పవర్‌ని మాత్రం ఏ గేరూ పెంచలేదు. ట్రాక్టర్ అలాగే కదా పనిచేసేది. 45 హార్స్ పవర్ ట్రాక్టర్ 2000 ఆర్‌పీఎంకే ఆ పవర్ ఇస్తుందనుకుంటే మన లెక్క ప్రకారం టార్క్ 157 వస్తుంది. దానికి కింది గేర్లలో తగ్గింపు మరీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి బురదలో కూడా కేజ్ వీల్స్‌తో దున్నుకుంటూ పోతుంది. దానికంటే పవర్ ఎక్కువున్న చిన్న కారు అదే పొలంలో దిగబడిపోతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారు సున్నా నుంచే టార్క్ ఇస్తుంది, అందుకే వాటిల్లో చాలావాటికి గేర్ల అవసరమే రాలేదు.

ఇప్పుడు మీ ఘాట్‌కి వద్దాం. సెకనులో 75 కిలోల బరువుని మీటరు ఎత్తుకి లేపితే అది ఒక హార్స్ పవర్ (పీఎస్ అంటే ఇదే). బండి 195 కిలోలు, ఇద్దరూ కలిపి 140, మొత్తం 335. పన్నెండు మీటర్లు వెళ్తే ఒక మీటరు ఎక్కే వాలు మీద, గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకుందాం. సెకనుకి సుమారు 0.92 మీటరు పైకి వెళ్తున్నట్టు. 335ని 0.92తో గుణించి 75తో భాగిస్తే నాలుగు చిల్లర హార్స్ పవర్. గాలికీ టైర్ల రాపిడికీ ఇంకో ఒకటి వేసుకోండి. మీరు చూస్తున్న రెండు బండ్లలోనూ ఇంతకు నాలుగు రెట్లు ఉంది. బలం చాలదేమో అన్న టెన్షన్ పెట్టుకోకండి.

మా దగ్గరికి ఒకాయన 200 సీసీ బండి తెచ్చి "ఘాట్‌లో పికప్ లేదు, వణుకుతోంది" అన్నాడు. వెనక కూర్చుని వెళ్లి చూశాను. ఎత్తు మీద నాలుగో గేరులో, మూడు వేల లోపు ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ నిండా తిప్పుతున్నాడు. ఇంజన్ టకటకమని కొట్టుకుంటోంది. గేరు రెండుకి దించమన్నాను. మీటర్ ముల్లు పైకి లేచింది, బండి సాఫీగా ఎక్కేసింది. అసలైన నష్టం క్లచ్ కవర్ విప్పాక కనిపించింది. గేరు దించకుండా హాఫ్ క్లచ్‌తో లాగించడం వల్ల స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు పడ్డాయి, ఫ్రిక్షన్ ప్లేట్లు నల్లబడి మాడు వాసన కొడుతున్నాయి. మొత్తం సెట్ మార్చాల్సి వచ్చింది.

కాబట్టి మీకు నా సలహా ఇది. గేరు ఊరికే మార్చకుండా, తక్కువ ఆర్‌పీఎంలో నెమ్మదిగా లాగించడం మీ అలవాటైతే క్లాసిక్ తీసుకోండి. దాని బలం మీరు రోజూ వాడే ఆర్‌పీఎంలోనే దొరుకుతుంది. గేరు దించి ఇంజన్‌ని ఎక్కువ ఆర్‌పీఎంలో తిప్పడం మీకు ఇష్టమైతే డ్యూక్ నిజానికి దానికంటే వేగంగా ఎక్కుతుంది, పైగా తేలిక బండి. టెస్ట్ డ్రైవ్‌కి ఇద్దరూ వెళ్లండి. ఫ్లైఓవర్ లాంటి ఎత్తు చూసుకుని, మూడో గేరులో 30 మీద ఉండగా మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. కొట్టుకోకుండా లాగిందా, గేరు దించమని అడిగిందా, అక్కడే తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట. మైలేజీ కోసం ముందు స్ప్రాకెట్‌ని (చైనుని తిప్పే పళ్ల చక్రం) పెద్దది వేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 14 పళ్ల దాని స్థానంలో 15 పళ్లది వేస్తే చక్రం దగ్గర టార్క్ ప్రతి గేరులోనూ నూటికి ఏడు వంతుల దాకా తగ్గుతుంది. ఇద్దరు కూర్చుని ఘాట్ ఎక్కే బండికి అది వద్దు.