పెద్ద కంపెనీ పోటీకి వస్తే చిన్న స్టార్టప్ నిలుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తిచేశాడు. క్యాంపస్ ఎంపికల్లో ఒక పెద్ద ఐటీ సంస్థలో ఉద్యోగం వచ్చింది. వాడేమో మిర్చి కమీషన్ వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసే విజయవాడ స్టార్టప్‌లో చేరతానంటున్నాడు. రేపు ఏ పెద్ద టెక్నాలజీ కంపెనీయో అలాంటిదే ఉచితంగా ఇస్తే వీళ్ల గతేమిటి? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ భయంలో నిజముంది. ఇంటర్నెట్ బ్రౌజర్‌తో 1990లలో వెలిగిన నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌ను విండోస్‌తో కలిపి ఉచితంగా ఇవ్వడంతో మార్కెట్ కోల్పోయింది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌పై కేసు వేసినా నెట్‌స్కేప్ కోలుకోలేదు. ఆఫీసు సందేశాల యాప్ స్లాక్‌కు కూడా 2016లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ రూపంలో అలాంటి పోటీయే ఎదురైంది. చివరికి 2021లో స్లాక్ సేల్స్‌ఫోర్స్ అనే మరో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లింది. అయితే ఈ రెండూ ప్రపంచంలో ఏ ఆఫీసుకైనా ఒకేలా పనికొచ్చే వస్తువులు కాబట్టే, అప్పటికే ప్రతి ఆఫీసులోనూ ఉన్న కంపెనీ వాటిని తేలిగ్గా దెబ్బతీయగలిగింది.

మిర్చి యార్డు లెక్క వేరు. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా అయ్యాక, తాలు కాయల (రంగు చెడిన నాసిరకం మిర్చి) ధర విడిగా కట్టి, కమీషన్, హమాలీ ఖర్చులతో పాటు ఆ రైతు పెట్టుబడికి ముందే తీసుకున్న అప్పునూ వడ్డీనీ మినహాయించి పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాయాలి. కొనుగోలుదారు సొమ్ము మాత్రం తరువాతెప్పుడో వస్తుంది. ఇంత చిన్న మార్కెట్ కోసం ఇన్ని మెలికలు నేర్చుకునే ఓపిక పెద్ద కంపెనీలకు సాధారణంగా ఉండదు. నా అంచనాలో ఈ స్టార్టప్‌కు అసలు పోటీ గుమస్తా చేతిలోని పద్దుల పుస్తకం, ఆయనకు బాగా అలవాటైన లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ. ఆ ట్యాలీ కూడా 1986లో బెంగళూరులో చిన్నగా మొదలైనదే. 1996లో మొదలైన మన దేశపు సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో నేటికీ మైక్రోసాఫ్ట్, గూగుల్‌లతో పోటీపడుతూనే నిలబడింది.

కాబట్టి నేను ఎక్కువగా ఆలోచించేది మీ అబ్బాయి అక్కడ ఎవరి దగ్గర పని నేర్చుకుంటాడన్న దాని గురించే. చిన్న కంపెనీలో డేటాబేస్ నుంచి కస్టమర్ ఫోను దాకా అన్నీ చేతికొస్తాయి, కానీ రాసిన కోడ్ చదివి తప్పు చూపించే అనుభవజ్ఞుడు లేకపోతే రెండేళ్లకు తప్పుడు అలవాట్లే మిగులుతాయి. పెద్ద సంస్థలో శిక్షణ, క్రమశిక్షణ దొరుకుతాయి గానీ, ఏ ప్రాజెక్టు ఇస్తారన్నది అతని చేతిలో ఉండదు. ఈమధ్య కొన్ని సంస్థలు ఆఫర్ లెటర్ ఇచ్చి నెలల తరబడి చేర్చుకోకుండా ఆపిన సంగతి కూడా మరచిపోవద్దు.

కంపెనీ వాటాలు ఇస్తామంటే వాటిని జీతంలో లెక్కవేయకండి. ఇంటికి విద్యారుణం వాయిదాల భారం ఉండి, స్టార్టప్ ఒకే పెట్టుబడిదారు సొమ్ముపై నడుస్తుంటే పెద్ద సంస్థలోనే చేర్పించండి. అలా కాక, ఆ సాఫ్ట్‌వేర్‌కు నిరుడు డబ్బు కట్టిన కమీషన్ దుకాణాలు ఈ ఏడాదీ కట్టి, కోడ్ దిద్దే సీనియర్ ఒకరుంటే, అబ్బాయిని నిశ్చింతగా పంపవచ్చు. యార్డు మీ ఊళ్లోనే ఉంది కనుక, నిర్ణయానికి ముందు అబ్బాయితో కలిసి ఆ సాఫ్ట్‌వేర్ వాడే దుకాణానికి వెళ్లి, సరుకు పోటెత్తిన రోజున పట్టీల ప్రింటింగ్ ఆగిపోతే కంపెనీ వాళ్లు ఎంతసేపట్లో స్పందించారో గుమస్తాను అడగండి.