ముగ్గురు పిల్లలు, ఇంట్లోనే బడి: డబ్బు ఎక్కడ కారిపోతోంది?

ప్రశ్న: మా పిల్లలకు 13, 9, 5 ఏళ్లు. రెండేళ్లుగా ముగ్గురినీ ఇంట్లోనే చదివిస్తున్నాం. అందుకోసం నేను ఉద్యోగం మానేశాను. నా వయసు 36. ఎవరి పుస్తకాలు, ఎవరి ఆన్‌లైన్ క్లాసులు వాళ్లకే కొంటున్నాం. మావారి జీతంలో ఐదో వంతు దీనికే పోతోంది. రిటైర్మెంట్ కోసం వేసే సొమ్ము ఆపేశాం. ఇంటి నుంచే వారానికి 20 గంటలు చేసే పని ఒకటి వచ్చింది. ఒప్పుకోమంటారా?

జవాబు: 20 గంటలకు ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో మూడు బడులు వేర్వేరుగా నడుస్తున్నాయి. ఒక్కొక్కరికి 3 గంటల చొప్పున కూర్చున్నా మీకు రోజుకు 9 గంటలు పడుతుంది. అన్ని గంటలు ఎవరూ కూర్చోలేరు కాబట్టి, కూర్చోలేని చోటల్లా ఒక క్లాసో యాప్‌నో కొంటారు. ముందుగా మీ రోజును సరిచేసుకుంటే బడ్జెట్ చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

చరిత్ర, సైన్స్, కథలు, భూగోళం ముగ్గురికీ కలిపే చెప్పొచ్చు. ఉదయం 8:30కి ఒకే పుస్తకం తీసి 45 నిమిషాలు పైకి చదవండి. చిన్నవాళ్లు విన్నదాన్ని బొమ్మ గీస్తారు, తొమ్మిదేళ్ల వాళ్లు నాలుగు వాక్యాలు రాస్తారు, పెద్దవాళ్లు, అంటే పదమూడేళ్ల వాళ్లు, ఒక పేజీ రాస్తారు. విడిగా చెప్పాల్సినవి లెక్కలు, చదవడం, రాయడం మాత్రమే. ఈ వంతుల్లో చిన్నవాళ్లను ముందు పెట్టండి. 9:15 నుంచి 25 నిమిషాలు గుణింతాలు, అంకెలు అయిపోతే, ఆ తర్వాత వాళ్లు చాలాసేపు తమంతట తాము ఆడుకుంటారు. ఆ 25 నిమిషాల్లో పెద్దవాళ్లు లెక్కలు చేసుకుంటారు, మధ్యవాళ్లు చూచిరాత రాస్తారు. తర్వాత 40 నిమిషాలు మధ్యవాళ్ల లెక్కలు, విరామం, ఆపైన 45 నిమిషాలు పెద్దవాళ్లతో నిన్నటి తప్పుల దిద్దుబాటు. అన్నీ కలిపి మీరు నేరుగా కూర్చునేది 2 గంటల 35 నిమిషాలు.

చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. పెద్దవాళ్ల చదువు ముఖ్యమని దాన్ని మొదట పెడతారు. ఐదేళ్ల పిల్లలు పదే పదే వచ్చి కొంగు లాగుతుంటారు, బీజగణితం సగంలో ఆగిపోతుంది, మధ్యాహ్నానికి తల్లి అలసిపోతుంది. ఆ అలసటలోనే ‘దీనికో క్లాసు కొనేద్దాం’ అనిపిస్తుంది. ఒక నెలపాటు మీ ఖర్చుల పుస్తకంలో తేదీ పక్కన వేళ కూడా రాసి చూడండి. ఏ గంటలో ఎక్కువ కొంటున్నారో తెలిస్తే, మీ రోజు ఎక్కడ తెగుతోందో తెలుస్తుంది. అప్పటివరకు కొనాలనిపించిందల్లా ఒక కాగితం మీద రాసుకుని నెలాఖరున మాత్రమే కొనండి. వాటంతటవే రెన్యూ అయ్యే సబ్‌స్క్రిప్షన్లన్నీ ఈ వారమే చూసి, గత 30 రోజుల్లో నాలుగుసార్లు కూడా తెరవని వాటిని ఆపేయండి.

మీ పిల్లల మధ్య నాలుగేసి ఏళ్ల తేడా ఉంది. దీన్ని ఆస్తిగా చూడండి. పెద్దవాళ్లకు కొన్న పుస్తకం నాలుగేళ్లకు, మళ్లీ నాలుగేళ్లకు పనికొస్తే దాని అసలు ఖరీదు మూడో వంతే. అందులో జవాబులు రాశారంటే ఆ లెక్క పోయినట్టే. జవాబులు నోటుబుక్కులోనే రాయించండి. పరీక్షల సిలబస్ మారుతుంది కాబట్టి పై తరగతుల పుస్తకాలను మాత్రం ఇలా దాచినా లాభం ఉండదు.

ప్రింటర్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు. కార్ట్రిడ్జ్ డబ్బా మీద ఇన్ని పేజీలు వస్తాయని రాసే అంకెకు ఆధారం మామూలు అక్షరాల పేజీ, అంటే కాగితంలో సుమారు 5 శాతం మాత్రమే సిరా పడే పేజీ. రంగు బొమ్మలు నిండిన వర్క్‌షీట్‌కు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఇంక్‌జెట్ ప్రింటర్‌ను వారాల తరబడి వాడకపోతే సిరా చిమ్మే సన్నని రంధ్రాలు (నాజిల్స్) ఎండిపోతాయి, వాటిని శుభ్రం చేసుకోవడానికే అది మళ్లీ సిరా తాగుతుంది. నలుపు తెలుపులో, రెండు వైపులా, వారానికి ఒకే రోజు ప్రింట్ తీయండి. ఎక్కాల లాంటి పదే పదే చేసే అభ్యాసాలను ప్లాస్టిక్ కవరులో పెట్టి, తుడిచేసే పెన్నుతో రాయించండి.

పెద్దవాళ్లు 16 ఏళ్లకు ప్రైవేటుగా బోర్డు పరీక్ష రాస్తారనుకుంటే మీ చేతిలో 36 నెలలు ఉన్నాయి. ఫీజు, ప్రాక్టికల్స్, ప్రయాణం అన్నీ అంచనా కట్టి 36తో భాగించి, ఆ మొత్తం నెలనెలా విడి ఖాతాలో వేయండి. ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టులకు బయటి విద్యార్థులను తీసుకునే కేంద్రం అంత సులువుగా దొరకదు, కనీసం ఏడాది ముందే వాకబు చేయండి.

రిటైర్మెంట్ సొమ్ము ఆపడం ఈ మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నెలకు 100 రూపాయల చొప్పున, ఏడాదికి 8 శాతం రాబడి వస్తుందనుకుని, 60 ఏళ్ల దాకా 24 ఏళ్లు వేస్తే సుమారు 86,600 అవుతుంది. మొదటి 6 ఏళ్లు ఆపి తర్వాత వేస్తే 48,000 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు మిగిలేది 7,200, చివర్లో పోయేది 38,600. 8 శాతానికి హామీ ఏమీ లేదు, అయినా మొదటి ఏళ్ల సొమ్ముకే పెరిగే గడువు ఎక్కువ. పాత మొత్తంలో మూడో వంతుతోనైనా వచ్చే నెలే మళ్లీ మొదలుపెట్టండి. పిల్లల చదువుకు అప్పు దొరుకుతుంది, మీ ముసలితనానికి దొరకదు.

ఒక్క జీతం మీద నడిచే ఇంటికి 6 నెలల అత్యవసర నిధి చాలదు, 9 నెలల ఖర్చు పెట్టుకోండి. టర్మ్ బీమా (గడువులోపు మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) మీవారికి ఉండే ఉంటుంది, మీ పేరున కూడా ఉండాలి. సంపాదన లేదు కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు. మీరు లేని రోజున పిల్లలను చూసుకునే మనిషికి, బడి ఫీజులకు, ట్యూషన్లకు చిన్నవాళ్లకు 18 వచ్చేదాకా 13 ఏళ్ల ఖర్చు లెక్కేసి ఆ మొత్తానికి తీసుకోండి. సంపాదన లేనివారికి బీమా సంస్థలు పరిమితి పెట్టవచ్చు, ఇచ్చినంత తీసుకోండి.

ఇక ఉద్యోగం. పైన చెప్పిన రోజును ఆరు వారాలు నడిపి చూడండి. నిలబడితే పని ఇచ్చేవాళ్లను వారానికి 10 గంటల పనికి ఒప్పించండి. మధ్యాహ్నం 2 నుంచి 3:30 దాకా చిన్నవాళ్లు పడుకోవడమో చప్పుడు లేకుండా ఆడుకోవడమో, మిగతా ఇద్దరూ నిశ్శబ్దంగా చదువుకోవడమో అలవాటు చేయండి. అయిదు రోజులకు అది ఏడున్నర గంటలు. మిగతా రెండున్నర గంటలు శనివారం పొద్దున్న, పిల్లలు మీవారి దగ్గర ఉన్నప్పుడు. ఆ జీతం ఇంటి ఖర్చులో కలపకండి. ముందు 9 నెలల నిధి నిండేదాకా దానికి, ఆ తర్వాత పూర్తిగా మీ పేరున ఉన్న రిటైర్మెంట్ ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో మొదటి నెలే ఆటో డెబిట్ పెట్టించండి.