పిల్లాడు పిచర్ అవుతానంటున్నాడా? ముందు చేతి లెక్క చూడండి

అమెరికా వచ్చిన రెండేళ్లకు పిల్లాడు బేస్‌బాల్లో పడి "నేను పిచర్ని (బ్యాటరుకు బంతి విసిరేవాణ్ని) అవుతా" అంటే, మన ఇళ్లలో వెంటనే వచ్చే ప్రశ్నలు రెండు. చదువేమవుతుంది? అందులో డబ్బులొస్తాయా? అడగాల్సినవే. కానీ పదకొండేళ్ల పిల్లాడి విషయంలో వాటికంటే ముందు తెలియాల్సింది ఇంకొకటుంది: ఈ వారం వాడు మొత్తం ఎన్ని బంతులు విసిరాడు?

మొదట చేర్పించడం గురించి. చాలా ఊళ్లలో వసంతకాలం సీజనుకు లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ లీగు) పేర్లు జనవరి, ఫిబ్రవరిలోనే రాసుకుంటారు. మార్చిలో మైదానం చూసి వెళితే సీటుండదు. వయసును ఆగస్టు 31 నాటికి లెక్కగడతారు కాబట్టి, స్కూలు క్లాసును బట్టి ఏ డివిజనో ఊహించుకోవద్దు. పుట్టిన తేదీకి, ఇంటి చిరునామాకు రుజువులు అడుగుతారు. ఇండియా బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో మరోలా ఉంటే ముందే లీగు వాళ్లతో మాట్లాడుకోండి. గ్లవ్, క్లీట్స్ (ముళ్ల బూట్లు), గార్డు కొంటే చాలు. ఈ వయసులో ఇనుప ముళ్ల క్లీట్స్‌ను ఒప్పుకోరు. బ్యాటు కొనేటట్టయితే దాని మీద యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉందో లేదో చూడండి.

ఇక అసలు లెక్క. లిటిల్ లీగ్‌లో పిచర్ రోజుకు ఇన్నే వేయాలని పరిమితి ఉంది: 7-8 ఏళ్లకు 50, 9-10కి 75, 11-12కి 85, 13-16కి 95 పిచ్‌లు (పిచ్ అంటే ఇక్కడ బ్యాటరుకు విసిరే ఒక్కో బంతి). బ్యాటరు మధ్యలో ఉండగా పరిమితి నిండితే ఆ బ్యాటరు వరకు పూర్తి చేయనిస్తారు. పద్నాలుగేళ్లలోపు వాళ్లకు 21-35 పిచ్‌లైతే ఒక రోజు, 36-50కి రెండు, 51-65కి మూడు, 66 గానీ అంతకు మించి గానీ అయితే నాలుగు రోజులు విశ్రాంతి తప్పనిసరి. 41 గానీ అంతకు మించి గానీ పిచ్‌లు వేసినవాడు ఆ రోజు మళ్లీ క్యాచరుగా (క్రికెట్ కీపరులా బ్యాటరు వెనక ఉండేవాడిగా) నిలబడకూడదు. క్యాచరు కూడా ప్రతి బంతినీ తిరిగి విసరాల్సిందే కదా.

చిక్కేమిటంటే, ఈ లెక్క ఆ ఒక్క లీగుకే తెలుసు. శనివారం లిటిల్ లీగ్‌లో 60 వేసి, ఆదివారం ట్రావెల్ టీముకు (ఊరూరా తిరిగి ఆడే వేరే జట్టుకు) 50 వేస్తే రెండూ కలిపి చూసేవాడు ఉండడు. బుధవారం కోచింగులో వేసినవి, ఆటకు ముందు వార్మప్‌లో వేసినవి ఏ కాగితం మీదా ఉండవు. మన పిల్లలకైతే పైగా క్రికెట్ కూడా. బౌలింగులో మోచెయ్యి చాపే ఉంటుంది సరే, బౌండరీ దగ్గర్నుంచి కీపరుకు విసిరే ప్రతి త్రో పడేది అదే మోచేతి మీద. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, ఎక్కడ, ఎన్ని అని అన్నీ ఒకేచోట రాయండి. కోచ్ మంచివాడైనా సరే, ఇంకో టీములో ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

అలసట కంటికి కనబడుతుంది. మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతుంది, బంతులు వరసగా పైపైకి పోతాయి, వాడు రబ్బరు (పిచర్ కాలు ఆనించే పలక) మీద కాలు పెట్టడానికి ముందు ఎక్కువసేపు తీసుకుంటాడు, విసిరాక నడుము వంగదు. అప్పుడు లెక్క 40 దగ్గరే ఉన్నా దించేయమనండి. చెయ్యి అలసిపోయాక కూడా తరచూ వేసిన కుర్రాళ్లకు సర్జరీ ముప్పు 36 రెట్లు, ఏడాదిలో ఎనిమిది నెలలకు పైగా పోటీల్లో వేసినవాళ్లకు 5 రెట్లు ఎక్కువని అమెరికా వైద్యుల అధ్యయనంలో తేలింది. ఏడాదికి నాలుగు నెలలు బంతి ముట్టకూడదని, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలని మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి ప్రొఫెషనల్ బేస్‌బాల్) వాళ్ల పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల సలహా. కర్వ్‌బాల్‌కు (వంపు తిరిగే బంతికి) తొందరేమీ లేదు. ఫాస్ట్‌బాల్, ఛేంజప్ (అదే చేతి వేగంతో నెమ్మదిగా వచ్చే బంతి) నిలకడగా పడ్డాక, పదమూడు దాటాక చూసుకోవచ్చు.

మోచేతి లోపలివైపు నొప్పి అంటే మాత్రం వోలినీ రాసి, మాత్ర వేసి మైదానానికి పంపకండి. ఆ వయసులో అక్కడ ఎముక ఇంకా ఎదుగుతోంది. నొప్పి తెలియకపోతే వాడు ఆపకుండా వేస్తాడు, ఎముక పెరిగే పొర దెబ్బతింటుంది. ఆట ఆపి పిల్లల ఆర్థోపెడిక్‌కు చూపించండి. పెద్దయ్యాక తెగేది మోచేతి ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు దాన్ని మొదటిసారి బాగుచేశారు, అందుకే ఆ సర్జరీకి టామీ జాన్ పేరే నిలిచింది. టామీ జాన్ 1989 దాకా ఆడాడు. అది చూసి సర్జరీ చేయిస్తే వేగం పెరుగుతుందని నమ్మే తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నారు. శుద్ధ అపోహ. మళ్లీ పోటీలో వేయడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

డబ్బు సంగతి చూడాలంటే డాలస్ వైపు ఉన్నవాళ్లు ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆటకు ఒకసారి వెళ్లండి. మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్ కింద డబుల్-ఏ (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద) జట్టు అది. ఆ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద ఉన్నవాడు తన హైస్కూల్లో మొనగాడే అయ్యుంటాడు. అయినా 2023 ఒప్పందంలో డబుల్-ఏ కనీస వేతనం ఏడాదికి 30,250 డాలర్లు, ట్రిపుల్-ఏలో 35,800. మేజర్ లీగ్‌లో 2026కి కనీసం 7,80,000. మధ్యలో మెట్టు లేదు, గోడే ఉంది. పైకెళ్లినా 172 రోజులకు ఒక ఏడాది సర్వీసు చొప్పున, ఎక్కువమందికి మూడేళ్ల తర్వాతే జీతం బేరమాడే అవకాశం, ఆరేళ్లకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ.

మేజర్ లీగ్ క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు జూలైలో, 20 రౌండ్లు. హైస్కూలు అయ్యాక ఎంపికై సంతకం పెట్టకపోతే, నాలుగేళ్ల కాలేజీలో చేరినవాడు మూడో ఏడాది అయ్యేదాకా లేదా 21 నిండేదాకా ఆగాలి. జూనియర్ కాలేజీకి ఆ నిబంధన లేదు. పద్దెనిమిదేళ్లకే సంతకం పెడుతుంటే బోనసు ఒక్కటే చూడకండి. కాలేజీ ఫీజు క్లబ్బు కట్టేలా ఒప్పందంలో రాయించుకోవచ్చు. ఆట మానేసిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ డబ్బు పోతుంది, ఆ తేదీ గుర్తుంచుకోండి.

చివరగా, మనవాళ్లు చాలామంది ఆలోచించనిది వీసా. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద స్కూలు జట్టులో, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద కాలేజీ జట్టులో ఆడటానికి అడ్డేమీ లేదు. కానీ ఆడి జీతం తీసుకోవడానికి ఆ రెండూ పనికిరావు. గ్రీన్‌కార్డు లేకపోతే క్లబ్బు పీ-1 (క్రీడాకారుల) వీసాకు దరఖాస్తు పెట్టాలి. కాలేజీలో పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీలిచ్చే డబ్బు కూడా ఎఫ్-1 వాళ్లకు ప్రమాదమే. 21 నిండితే హెచ్-4 ఎటూ పోతుంది. డ్రాఫ్టు వయసు కూడా సరిగ్గా అక్కడికే వస్తుంది కాబట్టి, పిల్లాడు హైస్కూల్లో చేరేటప్పుడే ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి.