మందులు, రసాయనాల వల్ల పొరపాటున జరిగే ప్రమాదాలను అవగాహనతో తగ్గించగలమా?

తగ్గించగలం. కానీ "మందులతో జాగ్రత్త" అని పోస్టర్ అంటిస్తే సరిపోదు. ఏం చేయాలో విడమరచి చెప్పాలి.

పారాసెటమాల్‌నే తీసుకోండి. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు ఇంకోటి, ఒళ్లు నొప్పులకు మరోటి వేసుకుంటాం. పేర్లు వేరైనా మూడింటిలోనూ అదే మందు ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. లివర్ జబ్బు ఉంటే పరిమితి ఇంకా తక్కువ. మోతాదు మించినా మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, లోపల లివర్ మాత్రం దెబ్బతింటూ ఉంటుంది. దీనికి విరుగుడు మందైన అసిటైల్‌సిస్టీన్‌ను, మాత్రలు మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే "బాగానే ఉన్నాడు కదా, చూద్దాం" అని ఆగకూడదు. నన్నడిగితే జనానికి అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది, స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు కాకుండా లోపలున్న మందు పేరు చదవడం.

పిల్లల దగ్గర సమస్య వేరు. కూల్‌డ్రింక్ బాటిల్‌లో కిరోసిన్ పోసి పెడితే వాళ్లు తాగేదే అనుకుంటారు. ఇలాంటివి అసలు డబ్బాల్లోనే, తాళం వేసి ఉంచాలి. మాత్రను చాక్లెట్ అని చెప్పి వేయొద్దు. పొరపాటున తాగేస్తే వాంతి చేయించొద్దు: కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును మళ్లీ కాలుస్తుంది. ఆ సీసా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్రమాత్రలు, మత్తుమందులు తీసుకున్న మనిషి లేపినా లేవకపోతే, శ్వాస నెమ్మదిస్తే, పడుకున్నాడులే అనుకోవద్దు. అంబులెన్స్ పిలవండి. ఎవరైనా తిడతారేమోనన్న భయంతో ఆలస్యం చేయకండి, ఏం తీసుకున్నారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.