ఇనె వెళ్తున్న సింధుకి

చి. సింధుకి,

అత్తయ్య ఆశీస్సులు. జపాన్‌లో, క్యోటోలో ఆఫీసు పని అయ్యాక నువ్వొక్కదానివే ఇనె అనే చేపల పల్లెకి వెళ్లి రెండు రాత్రులు ఉంటున్నావని తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ గొంతు చూస్తే నన్ను అడ్డు పడమన్నట్టే ఉంది. నేను పడను. దివిసీమ ఆడపిల్ల సముద్రం మీద కట్టిన ఊళ్లో ఒంటరిగా పడుకుంటుందంటే గుండె ఒకసారి జారిన మాట నిజమే. ఫోన్ పెట్టేశాక మీ మామయ్యకి నాలుగుసార్లు గొప్పగా చెప్పుకున్న మాటా నిజమే. మైజురులో పదకొండేళ్లు కాపురం చేసినదాన్ని, ఆ తీరం సంగతి నాకు కొంచెం తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

వీసా, ఇన్సూరెన్స్, సిమ్ నీకు నేను చెప్పాల్సినవి కావు. క్యోటో నుంచి అమనొహషిదతే దాకా 'హషిదతే' ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళ్తుంది, రెండు గంటల పైచిలుకు. ఫుకుచియమ దాటాక ఆ లైను జేఆర్, అంటే జపాన్ రైల్వేస్ వాళ్లది కాదు, క్యోటో తాంగో రైల్వేది. జేఆర్ పాస్ ఉన్నా అక్కణ్ణుంచి వేరే డబ్బు కట్టాలి. స్టేషన్ ముందు నుంచి తన్‌కై బస్సు, ఇంచుమించు గంట ప్రయాణం. పెద్ద పెట్టె క్యోటో హోటల్లో ఇచ్చి తక్యూబిన్ అనే సామాను కొరియర్‌లో నీ తర్వాతి హోటల్‌కి పంపించెయ్. ఇనెలో ఇళ్ల మధ్య ఉన్నది ఒకటే సన్న రోడ్డు, దాని మీద పెట్టె చక్రాల చప్పుడు ఊరంతటికీ వినబడుతుంది.

బస్సు ఎక్కగానే తలుపు దగ్గర చిన్న చీటీ వస్తుంది, సేరికెన్ అంటారు. దాని మీద ఒక నంబరు ఉంటుంది. డ్రైవరు తల మీది బోర్డులో ఆ నంబరు కింద కనబడేదే నీ చార్జీ. దిగేటప్పుడు చీటీ, చిల్లర కలిపి డబ్బాలో వెయ్యాలి. చిల్లర మార్చే మిషను సాధారణంగా 1000 యెన్ల నోటే తీసుకుంటుంది. 10,000 నోటు పట్టుకుని నిలబడితే వెనక బామ్మలంతా నీ కోసం ఆగుతారు. ఒక్కరూ నోరెత్తరు, అదే ఇంకా సిగ్గు. ఊళ్లో చాలాచోట్ల నగదే నడుస్తుంది. పల్లె పోస్టాఫీసుల ఏటీఎం సాయంత్రానికి మూసేస్తారు, కాబట్టి డబ్బు క్యోటోలోనే తీసి 1000 నోట్లుగా, 100 బిళ్లలుగా మార్చి ఉంచుకో.

మధ్యాహ్నం రెండు లోపు అమనొహషిదతేలో బస్సు ఎక్కి తీరాలి. బస్సులు దాదాపు గంటకొకటి, సాయంత్రం త్వరగా ఆగిపోతాయి. నవంబరు చివర ఐదు కాకుండానే పొద్దు గూకుతుంది. ఆ సన్నటి రోడ్డు మీద చీకట్లో నీ బస ఏ ఇల్లో పోల్చుకోలేవు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అసలు గొడవ రాత్రి భోజనం దగ్గరుంది.

అక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. కథంతా చెప్పను, తప్పు ఎక్కడెక్కడ జరిగిందో మాత్రం చెప్తాను. బుకింగ్ ఫారంలో 'వెజిటేరియన్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. అది మొదటిది. దార్లో అమనొహషిదతే ఇసుకతిన్నె మీద పైన్ చెట్లు చూస్తూ ఒక బస్సు వదిలేశాను. ఆలస్యమవుతుందని ఫోన్ చెయ్యలేదు, అది అన్నిటికన్నా పెద్దది.

మిన్‌షుకు అంటే హోటల్ కాదే తల్లీ, ఒక ఇల్లు. రోజుకి ఒకటి రెండు కుటుంబాలనే ఉంచుకుంటారు. ఆరుకో ఆరున్నరకో భోజనమంటే ఆ నిమిషానికి వేడిగా ఉండాల్సినవి వేడిగా, చల్లగా ఉండాల్సినవి చల్లగా పళ్లెంలోకి వచ్చేలా నాలుగింటి నుంచే పని మొదలవుతుంది. చేప ఆ పొద్దున పడవ మీద నుంచి తలకింత అని లెక్కేసి తెచ్చినదే. మనం రాలేదంటే అది రేపటికి పనికిరాదు. నేను వెళ్లేసరికి పది గిన్నెలు వరసగా పేర్చి ఉన్నాయి, సగం చల్లారిపోయాయి. చేప ముక్కలు తీసేశారు, పాపం. కానీ మీసో పులుసులో నిబొషి, అంటే ఎండు చేపల నీళ్లు. ఉడికిన ముల్లంగిలో కత్సువొ చేప రసం. పాలకూర మీదా, టోఫూ మీదా గాలికి రెపరెపలాడే పల్చటి పొట్టు, అదీ చేపే. గుడ్డుతో చేసే చవన్‌ముషి కూడా ఆ రసంతోనే. ఒక్కొక్క గిన్నె వాసన చూసి పక్కకి జరుపుతుంటే ఆ పెద్దావిడ గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నాకు క్షమాపణ చెప్పింది. తప్పు నాది, క్షమాపణ ఆవిడది. ఇప్పటికీ గుర్తొస్తే ముద్ద దిగదు.

మనం వెజిటేరియన్ అంటే చేప ముక్క తినమని వాళ్లకి అర్థమవుతుంది. దషి, అంటే వంటకి ఆధారమైన ఆ రసం, వాళ్ల లెక్కలో చేప కాదు, మనకి తాలింపు లాంటిది. అందుకని ఇలా రాయి: "నికు తో సకన ఓ తబెమసెన్. సకన నో దషి మో తబెమసెన్. కొంబు తో షీతకే నో దషి వ దైజోబు దెసు." మాంసం, చేప తినను, చేప రసం కూడా తినను, కొంబు నాచుతో, షీతకే పుట్టగొడుగులతో కాచిన రసం పర్లేదు అని. బుక్ చేసేటప్పుడే రాయి, మూడు రోజుల ముందు మళ్లీ అడుగు. కుదరదంటే నొచ్చుకోకు. చేపలు పట్టి బతికే ఇల్లది, కుదరకపోవడం న్యాయమే. భోజనం లేని బస, సుదొమరి, తీసుకుని తిండి నువ్వే మోసుకెళ్లు. తీరాన ఉన్న కాసిని భోజనశాలల్లో చాలావి మధ్యాహ్నంతోనే సరిపెడతాయి, క్యోటోలోలాగా సందు సందుకీ రాత్రంతా తెరిచుండే కొట్లు ఉండవు. కూరగాయల తెంపురా పెడితే ఉప్పు అద్దుకుని తిను, పక్కనున్న గిన్నెలోని నల్లటి నీళ్లు ముట్టుకోకు, అందులోనూ చేప రసమే. ఆలస్యమైతే ఫోన్‌లో "ఒకురెమసు" అని చెప్పి ఎన్నింటికి వస్తావో చెప్పు. "రొకుజి హన్" అంటే ఆరున్నర. అంతే, ఆ రెండు ముక్కలు నాకు ఆ రోజు రాలేదు.

తిండంటే గుర్తొచ్చింది. ఎవరికో ఇమ్మని ఎవరైనా నాటుకోడి పచ్చడి కట్టిస్తే వద్దను. మాంసం ఏ రూపంలో తీసుకెళ్లినా జపాన్‌లో నేరం, 30 లక్షల యెన్ల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. పచ్చి కరివేపాకూ వద్దు. అటుకులు, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు చాలు. ఆవకాయ సీసా తాతామీ గదిలో తెరవకు, ఆ గడ్డి చాప వాసన పీల్చుకుంటే నెల రోజులు పోదు. మన ఎలక్ట్రిక్ కుక్కర్ అక్కడ 100 వోల్టుల మీద పని చెయ్యదు, ప్లగ్గూ పట్టదు. ఫోన్ చార్జర్‌కి రెండు చదును పిన్నుల అడాప్టర్ కొనుక్కో.

ఇనెలో ఫునయ అనే పడవ ఇళ్లు దాదాపు 230 ఉంటాయి. కింద పడవ గది, పైన మనుషుల గది, నేల సముద్రంలోకి ఏటవాలుగా దిగుతుంది. అఖాతం దక్షిణం వైపు తిరిగి ఉంటుంది, నోటి దగ్గర అవొషిమ ద్వీపం అడ్డం. ఆటుపోట్ల తేడా అర మీటరు లోపే. అందుకే గడపకి నీళ్లు ఆనుకుని ఉన్నా ఇల్లు మునగదు. కొయ్య పడవలు లోపలికి పట్టేవి, ఇప్పటి ఫైబరువి వెడల్పు, చాలావరకు బయటే కట్టేస్తారు. చూడముచ్చటగా ఉందని ఎవరి ఫునయలోకీ తొంగి చూడకు, అవి మ్యూజియం గదులు కావు, జనం ఉంటున్న ఇళ్లు. అసలిల్లు రోడ్డుకి ఇవతల కొండ వైపు, ఫునయ అవతల. మధ్య రోడ్డంటే వాళ్ల వాకిలనే అనుకో. తొమ్మిది దాటాక గొంతు తగ్గించు, తెల్లారకముందే వలకి వెళ్లేవాళ్లుంటారు.

ఇప్పుడు నా భయం. అఖాతం ఎంత నిమ్మళంగా ఉన్నా అది సముద్రమే. జపాన్ సముద్రం వైపు సునామీ రాదని ఒకప్పుడు చాలామంది నమ్మేవాళ్లు. 1983 మే 26న అకిత తీరంలో భూకంపం వచ్చినప్పుడు, కొండ ఊరి బడి పిల్లలు ఓగ ద్వీపకల్పం ఒడ్డున అన్నం డబ్బాలు విప్పి కూర్చుని ఉన్నారు. 13 మంది పిల్లలు పోయారు. కొన్నిచోట్ల మొదటి అల పది నిమిషాల్లోపే వచ్చేసింది. 2024 జనవరి 1న నోతో భూకంపానికీ ఆ తీరానికి హెచ్చరికలు వెళ్లాయి. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన రోజు, మన ఇంట్లో ఎలాంటి తేదీయో నీకు తెలుసు, నాతో ఇంతకన్నా చెప్పించకు.

గదిలో బ్యాగు పెట్టగానే, టీ తాగకముందే, బయటికొచ్చి కొండ మీదికి మెట్లు ఎక్కడున్నాయో ఇంటావిడని అడుగు. ఇళ్ల వెనకే కొండ, గుళ్లకి మెట్లుంటాయి. పరిగెత్తే మనిషి బొమ్మ ఉన్న ఆకుపచ్చ బోర్డు చూసుకో. ఒకసారి నడిచి ఎక్కి రా, చీకట్లో మొదటిసారి ఎక్కడం కష్టం. గట్టిగా ఊగినా, మెల్లగా ఊగుతూ చాలాసేపు ఆగకపోయినా సైరన్ కోసం చూడొద్దు, పాస్‌పోర్ట్ కోసం వెనక్కి తిరగొద్దు, ఎక్కెయ్. మొదటి అల తగ్గిందని దిగొద్దు, తర్వాతది పెద్దది కావచ్చు. హెచ్చరిక ఎత్తేశాకే దిగాలి. 'సేఫ్టీ టిప్స్' యాప్ ఇక్కడే వేసుకో. బూట్లు, టార్చి, కోటు దిండు పక్కన. అంబులెన్సుకి 119, పోలీసుకి 110, సముద్రం మీద ఆపదకి 118. పక్క గదివాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

మిగతావి చిన్నవి. తొట్టిలో దిగే ముందే సబ్బుతో కడుక్కోవాలి. లేచాక ఆ నీళ్లు వదిలెయ్యకు, ఇంటిల్లిపాదీ అందులోనే దిగుతారు, మూత పెట్టి రా. యుకత, అంటే బసలో ఇచ్చే నూలు అంగీ, కట్టుకుంటే ఎడమ అంచు కుడి మీదికి రావాలి, తిరగేస్తే శవానికి కట్టినట్టు. మరుగుదొడ్డి చెప్పులతో చాప మీదికి రాకు. అఖాతంలో తిప్పే పడవ మీద సీగల్ పక్షులకీ గద్దలకీ వేసే చిప్స్ అమ్ముతారు, పొరపాటున నువ్వు నోట్లో వేసుకోకు, అవి రొయ్యల చిప్స్. ఆ తాంగో ప్రాంతం వాళ్లు అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు అంటారు. శీతాకాలం ముందు వచ్చే ఉరనిషి గాలికి ఎండలోనే వాన పడుతుంది. గొడుగు మడిచి చేతిలో ఉంచుకో, బ్యాగు అడుగున కాదు.

మొదటి రోజు రాత్రి భోజనం మధ్యలో లేచి నాకు ఫోన్ చెయ్యకు. ఆవిడ వడ్డిస్తుంటే కూర్చుని తిను, గిన్నెలు ఖాళీ చెయ్యి, "గొచిసోసమ" అను, భోజనానికి కృతజ్ఞత చెప్పడమన్నమాట. ఏడున్నరకి తీరిక చేసుకుని ఫోన్ చేస్తే ఇక్కడ సాయంత్రం నాలుగవుతుంది. అప్పటికి పాలు కాచడం కూడా మానేసి ఫోను పక్కనే కూర్చుంటాను. మెట్లు ఎక్కి చూశావా లేదా, అదే మొదట అడుగుతాను.

మీ అత్తయ్య